వానపచ్చకు మాస్టారి ముద్ర

పోయిన వారం మనం వదిలేసి వచ్చేసరికి కోడలు రెండు చేతుల్లో రెండు లాప్‌టాప్ మూతలు పట్టుకుని మామగారి ఎదుట నిలబడి ఉంది. కుడిచేతిలోది వానపచ్చ. వాన వెలిసిన గంటకు గడ్డి మీద కనిపించే ఆ పచ్చదనాన్ని డబ్బాలోకి దించడానికి ఆమెకు తొమ్మిది నెలలు పట్టింది. ఎడమచేతిలోది ఆ ఉదయమే పెయింటు షాపు నుంచి వచ్చిన నాలుగు వందల మూతల్లో ఒకటి. అది అచ్చమైన బురద రంగు. దాని వీపున ‘పాస్’ అని గుండ్రటి స్టిక్కరు, స్టిక్కరు మీద మామగారి పొట్టి సంతకం.

“ఈ రెండూ ఒకటేనా మామయ్యా?” అని ఆమె అడిగింది.

ఆయన కళ్లజోడు సర్దుకుని, అటు చూసి ఇటు చూసి, “ఒకటేగా!” అన్నారు.

కోడలు మూతలు రెండూ ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది.

ఆ మాట అన్నది దారినపోయే మనిషి కాదు. ముప్ఫై ఏళ్లుగా ఆయన కన్ను పడకుండా ఆ కంపెనీలో ఒక్క మూత కూడా పెట్టెలోకి ఎక్కలేదు. తనిఖీ విభాగంలో ఉన్న పదకొండు మందికీ పని నేర్పింది ఆయనే. అందుకే అందరికీ ఆయన మాస్టారు. కోడలికి కూడా ఇంట్లో మామయ్య, గేటు దాటితే మాస్టారు. కోపం వచ్చినప్పుడు మాత్రం ఆమె ఈ హద్దు మరిచిపోయేది. ఆ రోజు బాగా మరిచిపోయింది.

పది దాటింది. పదకొండింటికి కంపెనీ నడిపే పెద్దసారు వచ్చి వానపచ్చకు తుది సంతకం పెట్టాలి. ఆ కంపెనీ పుట్టినప్పటి నుంచి చేసినవి మూడే రంగులు: నలుపు, వెండి, బూడిద. నాలుగో రంగు అన్న మాట ఎత్తిందే కోడలు. ఆమెను ఫ్యాక్టరీలో అందరూ రంగులమ్మ అనడం అప్పటి నుంచే. అమ్మకాల అధికారికి మాత్రం ఈ పచ్చ గిట్టదు. అద్దంలా మెరిసే నల్ల మూత కావాలన్నది ఆయన పట్టు. మీటింగులో నాలుగు మాటలు మాట్లాడితే అందులో రెండు ‘తళతళ’ కావడంతో ఆయన పేరే తళతళగా స్థిరపడింది. వానపచ్చలో ఎక్కడైనా చిన్న తేడా దొరికితే చాలు, దాన్ని అక్కడే పాతిపెట్టి పైన నల్లటి అద్దం బిగించడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. చిన్న తేడా కాదు, నాలుగు వందల తేడాలు తోపుడుబళ్ల మీద గుడ్డ కప్పుకుని బయట వరండాలో నిలబడి ఉన్నాయి.

“లోపలికి రండి,” అని కోడలు మామగారిని రంగుల గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది.

ఆ గదిలో గోడలు బూడిద రంగు, బల్ల బూడిద రంగు, చివరికి తలుపు గడియ కూడా బూడిద రంగే. పక్కనున్న రంగు నమూనా మీద పడి కన్నును మాయ చేయకూడదని ఆ ఏర్పాటు. లోపలికి వచ్చేవాళ్లంతా బూడిద రంగు కోటు తొడుక్కోవాలి. మాస్టారికి ఆ అవసరం లేదు. ఆయన చొక్కా, ప్యాంటు ఎప్పుడూ బూడిద రంగే. అది వృత్తి మీద నిష్ఠ అని ముప్ఫై ఏళ్లుగా కొత్తవాళ్లకు చెప్పుకుంటున్నారు.

గోడ వారగా దీపాల పెట్టె ఉంది. మీట ఒకసారి తిప్పితే పగటి వెలుగు, రెండోసారి తిప్పితే దుకాణాల్లో ఉండే తెల్లటి ట్యూబు, మూడోసారి ఇంట్లో పసుపు బల్బు. కోడలు రెండు మూతలనూ అందులో పక్కపక్కన పెట్టింది.

“ఈ లైటు బాలేదు. మార్చు,” అన్నారు మాస్టారు.

మార్చింది.

“ఇదీ బాలేదు.”

మళ్లీ మార్చింది. “మూడూ అయిపోయాయి మామయ్యా. ఇంక మిగిలింది చీకటి. చీకట్లో చూస్తే ఒకటే, నేనూ ఒప్పుకుంటా.”

“పెద్దవాళ్లతో వెటకారమా?”

“వెటకారం కాదు, ఏడుపు. పెయింటు షాపులో ఎర్ర డబ్బా పొరపాటున రెండుసార్లు వంపేశారట. వాళ్లే ఫోను చేసి చెప్పారు. వాళ్ల ప్యూను కూడా చూసి నవ్వాడట. మీరు స్టిక్కరు వేశారు.”

“ఏదో పనిలో ఉండి సరిగ్గా చూడలేదు.”

“నాలుగు వందలూనా?”

మాస్టారు జేబులోంచి రుమాలు తీసి కళ్లజోడు తుడుచుకున్నారు. తుడిచిందే మళ్లీ తుడిచారు. మనిషి ఇంత తీరిగ్గా అద్దాలు తుడుస్తున్నాడంటే లోపల ఏదో మసకగా ఉందని కోడలికి అనుమానం వచ్చింది. సొరుగు లాగి అరచేయంత నమూనా పలకలు ఆరు తీసి బల్ల మీద పరిచింది. పచ్చవి మూడు, గోధుమ రంగువి మూడు.

“వీటిని వరసగా పెట్టండి. బాగా పచ్చగా ఉన్నది ఇటు, పచ్చదనం లేనిది అటు.”

“నాకు పరీక్ష పెడుతున్నావా?”

“అవును మామయ్యా.”

ఆయన ఒక్క నిమిషం ఆమెను గుచ్చి చూశారు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి పనిలోకి దిగారు. ఒక్కో పలకనూ కంటి దగ్గరకు ఎత్తి, కిటికీ వైపు వాల్చి, బొటనవేలితో నిమిరి, చాలా నమ్మకంగా వరస పేర్చారు. పేర్చి వెనక్కి జరిగి నిలబడ్డారు.

గోధుమ, పచ్చ, పచ్చ, గోధుమ, పచ్చ, గోధుమ.

కోడలు కుర్చీలో కూలబడింది. “మామయ్యా! మీకు పచ్చ రంగు కనిపించదా?”

“ఎందుకు కనిపించదు? నిక్షేపంలా కనిపిస్తుంది. అయితే అది పచ్చ అని ఎవరైనా చెప్పాలి.”

అంత ఏడుపులోనూ ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. చేయి అడ్డం పెట్టుకుని దాన్ని మింగేసింది. “ఎప్పటి నుంచి?”

“పుట్టినప్పటి నుంచి.”

“మరి ముప్ఫై ఏళ్లు?”

“ముప్ఫై ఏళ్లూ నలుపు, వెండి, బూడిద. వాటిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టుకున్నాను. ఎవరి నోటా మాట పడలేదు. సుఖంగా ఉన్నాను. నువ్వొచ్చావు. ప్రపంచంలో ఇన్ని రంగులుండగా నీకు పచ్చే దొరికిందా? నీలం చేసుకోవచ్చుగా! నీలం నాకు బాగా కనిపిస్తుంది.”

“ఆ మాట తొమ్మిది నెలల కిందట ఇంట్లో చెప్పి ఉంటే బాగుండేది.”

“ఎలా చెప్పను? తనిఖీ మాస్టారిని నేను. మామగారిని కూడా.” ఆయన గొంతు తగ్గింది. “అమ్మాయ్, ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాను. ఆ నాలుగు నెలలు కాస్త కళ్లు మూసుకో.”

“కళ్లు మూసుకోవాల్సింది నేనా?”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఈసారి మాస్టారికే నవ్వు వచ్చింది, అది సగంలోనే ఆగిపోయింది. కోడలు ఫోను తీసి ఇంటికి చేసింది.

“అత్తయ్యా, మామయ్యకు రంగులు తెలియవని మీకు తెలుసా?”

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. “బయటపడిందా?” అంది అత్తయ్య. ఏనాటి నుంచో రావాల్సిన పార్సిలు ఇవాళ వచ్చిందన్నట్టుంది ఆ గొంతు. “తెలియకపోవడమేమిటే! పెళ్లయిన కొత్తలో నాకిష్టమని ఎర్ర గులాబీల కర్టెన్ గుడ్డ కొనుక్కొచ్చారు. తీరా విప్పి చూస్తే గుడ్డంతా ఆకులే. ఒక్క పువ్వు లేదు. పదేళ్లు కట్టుకున్నాం ఆ ఆకుల్ని.”

“ఇప్పుడవన్నీ ఎందుకు?” అన్నారు మాస్టారు ఫోను వైపు వంగి.

“మీరూ అక్కడే ఉన్నారా? అయితే మొత్తం చెప్పేస్తాను. ఇంక దాచే ఓపిక నాకు లేదు.”

అత్తయ్య చెప్పింది. పెళ్లికి ముందు నుంచీ ఆమె అదే కంపెనీ దవాఖానాలో చీటీలు రాసేది. ఉద్యోగానికి వచ్చినవాళ్లకు చుక్కల పుస్తకం చూపించి, రంగు చుక్కల మధ్య దాగిన అంకె ఏమిటో అడిగేవారు. ఓ రోజు డాక్టరు ఇంకా రాలేదు. బక్కగా ఉన్న ఓ కుర్రాడు బెంచీ మీద కూర్చుని ఆ పుస్తకం తిరగేస్తున్నాడు. “బొమ్మలు బాగున్నాయండీ,” అన్నాడు. “బొమ్మలు కావవి, అంకెలు,” అంది ఈమె. “అంకెలా! ఎక్కడా?” అని అతను పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.

“నవ్వాగలేదే నాకు. తర్వాత ఆ మొహం చూస్తే జాలేసింది. చేసేవి నల్ల మూతలు, వాటికి ఈ చుక్కలెందుకు, అనిపించింది. ఓ కాగితం మీద వరసగా రాసిచ్చాను. పన్నెండు, ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఐదు… అలా పధ్నాలుగు పేజీలు. మర్నాడు పొద్దున డాక్టరు ముందు కూర్చుని, ఆయన పేజీ తిప్పకముందే అంకె చెప్పేశారు మీ మామయ్య. డాక్టరు బిత్తరపోయి, ఇలాంటి చూపు తన సర్వీసులో చూడలేదని రాసిచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది.”

“తర్వాత ఎప్పుడూ పరీక్ష పెట్టలేదా?”

“రెండేళ్లకోసారి పెట్టారు. అదే పుస్తకం. అదే నేను. మొదటిసారి జాలితో సాయం చేశాను. రెండోసారికి ఆయన నా మొగుడు, తప్పుతుందా?”

మాస్టారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ సంగతి ఆయనకు తెలిసే అవకాశం లేదు.

“అమ్మాయ్,” అంది అత్తయ్య, ఈసారి నెమ్మదిగా. “తప్పు చేశాం. కాదనను. కానీ ఆ మనిషి పని మీద ఒట్టు, ఆయన చేతిలో దొంగతనం లేదు. అది నువ్వే చూసి చెప్పు.” ఫోను పెట్టేసింది.

కోడలు చాలాసేపు బల్ల మీది వరస వైపే చూస్తూ కూర్చుంది. గోధుమ, పచ్చ, పచ్చ, గోధుమ, పచ్చ, గోధుమ. ఆయన ఆ వరస గుడ్డిగా పేర్చలేదు. ఒక్కో పలకనూ నిమిరి, వాల్చి, ఆలోచించి పెట్టారు. మరి దేన్ని బట్టి పెట్టారు?

“మామయ్యా, ఇది మొదట ఎందుకు పెట్టారు?”

ఆయన తిరగలేదు. “పూత బాగా చచ్చుగా ఉంది. మెరుపే లేదు. పక్కది దానికంటే కాస్త నయం. మూడోది పొయ్యిలో ఓ రెండు నిమిషాలు ఎక్కువ కాలింది. నాలుగోదాని మీద స్ప్రే గన్ను బాగా దగ్గరగా పెట్టారు. పైన నారింజ తొక్కలా బొడిపెలు లేచాయి, వేలికి తగల్లా? చివరిది నున్నగా ఉంది, చేయి జారుతుంది.”

కోడలు వేలు పెట్టి చూసింది. ఆమెకేమీ తగల్లేదు. సొరుగులోంచి మెరుపు కొలిచే మిషను తీసి ఒక్కో పలక మీదా ఆనించింది. నాలుగు. ఐదు. ఏడు. ఎనిమిది. పదకొండు. పధ్నాలుగు.

మళ్లీ మొదటి నుంచి కొలిచింది. అవే అంకెలు. ఒక్కటి కూడా వరస తప్పలేదు. నాలుగుకూ ఐదుకూ తేడా పట్టుకోవడానికి కంపెనీ ఆ మిషను కొన్నది. మాస్టారు బొటనవేలితో పట్టుకున్నారు.

“మరి ఇది?” అని అసలైన వానపచ్చ పలకను ఆయన చేతిలో పెట్టింది. పెద్దసారు సంతకం పెట్టబోయేది దాని మీదే.

మాస్టారు దాన్ని నిమిరారు. చొక్కా చేతికి వేసి ఓ ఇరవైసార్లు గట్టిగా రుద్దారు. మళ్లీ కిటికీ వైపు వాల్చారు.

“నీ రంగు ఎలా ఉందో నాకు తెలీదు. అందరూ బాగుందంటున్నారు, బాగుండే ఉంటుంది. పూత మాత్రం మెత్తగా ఉంది. పిండి రాసినట్టుంది. ఇది ఆర్నెల్లు ఆగదమ్మా. చేయి ఆనే చోటల్లా నునుపెక్కి, జిడ్డు మొహంలా మెరుస్తుంది. ఇదిగో, రుద్దిన చోట చూడు.”

చూసింది. పలక మధ్యలో బొటనవేలంత మెరుపు మచ్చ. తొమ్మిది నెలలు రంగు చుట్టూ తిరిగింది గానీ దాన్ని మనుషులు రోజూ చేతులతో తాకుతారన్న సంగతి ఆమె బుర్రకు తట్టనే లేదు.

“ఇది మీకు ముందే తెలుసా?”

“మొదటి రోజే తెలుసు. చెబితే రంగు గురించి కూడా అడుగుతావని చెప్పలేదు.”

ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అది ఎవరి మీదో తేల్చుకునేలోపే తలుపు తెరుచుకుంది.

ముందు పెద్దసారు, వెనక ముగ్గురు డీలర్లు, వాళ్ల వెనక తళతళ. గదిలో కోట్లు సరిపోక పెద్దసారుకు పొట్టిది దొరికింది. తళతళ కోటు అందుకుంటూనే బల్ల మీదికి చూపు విసిరాడు.

“పదకొండు కాలేదు, ముందే వచ్చేశాం,” అన్నాడు. “సార్, డీలర్లకు ఓ అనుమానం ఉంది. ఈ పచ్చను లక్ష మూతల మీద ఒకేలా ఎవరు నిలబెడతారని. నల్లది అయితే ఆ గొడవే లేదు. తళతళలాడుతూ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.”

“ఎవరు నిలబెడతారా!” పెద్దసారు మాస్టారి భుజం మీద చేయి వేశారు. “మా మాస్టారిని చూడలేదు మీరు. డాక్టరు రాసిచ్చిన కన్ను ఇది.” అంటూనే బల్ల మీదున్న ఆరు పలకలనూ, మాస్టారి చేతిలో ఉన్న ఏడోదాన్నీ లాక్కుని పేకముక్కల్లా కలిపేసి పరిచారు. “మాస్టారూ, ఇందులో మన వానపచ్చ ఏది? ఒక్కటి తీసివ్వండి.”

కోడలు చూపుతోనే వెతికింది. ఏడింటిలో నాలుగు పచ్చవి. కుడివైపు నుంచి రెండోది అసలైనది. కంటితో సైగ చేద్దామంటే తళతళ ఆమె మొహం మీదే కళ్లు పెట్టుకుని ఉన్నాడు.

మాస్టారు బల్ల దగ్గరకు జరిగారు. ఏడు పలకలనూ ఓసారి చూశారు. తర్వాత కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, చక్కగా కళ్లు మూసుకున్నారు.

“కళ్లు తెరిచి ఎవరైనా చెబుతారు సార్,” అన్నారు.

కోడలికి భూమిలోకి దిగిపోవాలనిపించింది. పరువు దక్కించుకుంటే చాలుననుకునే వేళ ఈ గొప్పలేమిటి! మాస్టారి వేళ్లు మొదటి పలకను తాకి వదిలేశాయి. రెండోది, మూడోది. నాలుగోదాని మీద కాసేపు ఆగాయి. అది వట్టి పచ్చ. వేళ్లు ముందుకు కదిలాయి. ఆరోదాని మీద వాలి, ఒక్కసారి నిమిరి, దాన్ని పైకెత్తాయి.

“పిండి రాసినట్టుంటుంది. ఇదీ మీ వానపచ్చ.”

కోడలు పలక వెనక చీటీ తిప్పి చూపించింది. డీలర్లు చప్పట్లు కొట్టారు. ఒకాయన మాస్టారి చేయి పట్టుకుని, అరచేయి తిప్పి అందులో ఏముందో వెతికాడు. తళతళ కూడా రెండు చప్పట్లు కొట్టాడు, రెండింటి మధ్యా చాలా వ్యవధి ఉంది.

“చూశారా!” పెద్దసారు ఉబ్బిపోయారు. పొట్టి కోటు గుండీ ఒకటి ఊడి ఎగిరింది. “కళ్లు మూసుకుని రంగు చెప్పే మనిషి ఇంకో కంపెనీలో ఉంటే చూపించండి! నేనిప్పుడే ఓ నిర్ణయం తీసుకుంటున్నాను. వచ్చే ఏడాది ఒక్క పచ్చ కాదు. ఎరుపు, నారింజ, గోధుమ, ఇంకో రెండు రకాల పచ్చ. మొత్తం అయిదు రంగులు తెస్తున్నాం. రంగుల విభాగానికి ఇక మాస్టారే పెద్ద. రిటైర్‌మెంటు లేదు, ఏమీ లేదు. ఇంకో అయిదేళ్లు ఆయన సంతకం లేకుండా ఈ గదిలోంచి ఏ రంగూ బయటికి పోదు. రంగులమ్మ ఆయన కింద పనిచేస్తుంది. ఇంటి మనుషులే కదా!”

డీలర్లు మళ్లీ చప్పట్లు కొట్టారు. ఎరుపు, నారింజ, గోధుమ, రెండు పచ్చలు. కావాలని ఏరినా అంతకంటే సరిగ్గా ఏరలేరు. ఆ అయిదింటిలో ఒక్కటి కూడా మాస్టారికి ఇంకోదానికంటే వేరుగా కనిపించదు.

“నీకేమైనా అభ్యంతరమా అమ్మా?” అన్నారు పెద్దసారు కోడలి వైపు తిరిగి, నవ్వుతూ.

ఉందంటే మామగారి మీద కుర్చీ కోసం ఎగబడిందంటారు. ఎందుకో చెబితే ముప్ఫై ఏళ్ల మనిషి ఈ డీలర్ల ముందు నవ్వులపాలవుతాడు. లేదంటే ఏడాది తిరిగేసరికి దేశమంతా బురద రంగు లాప్‌టాప్‌లు తెరుచుకుంటాయి. ఆమె నోరు తెరిచింది. ఏ మాట వస్తుందో ఆమెకే తెలియదు.

“అమ్మాయిని అడక్కండి సార్.” మాస్టారి గొంతు మామూలుగానే ఉంది. “అభ్యంతరం నాది.”

“మీదా?”

“పూతలో లోపాలు పట్టుకోవడం నా ఉద్యోగం. ముప్ఫై ఏళ్లుగా ఒక లోపాన్ని మాత్రం నేనే స్టిక్కరు వేసి పంపిస్తున్నాను. అది మీకు చెప్పాలి.”

కోడలు గబుక్కున ముందుకు వచ్చి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆపడానికో, పక్కన నిలబడడానికో ఆమె ఇంకా నిశ్చయించుకోలేదు. ఆయన ఆ చేతిని తట్టి, మెల్లగా వదిలించుకున్నారు.

పెద్దసారి నవ్వు మొహం మీద అలాగే మిగిలిపోయింది. ఇంక ఈ మాటలు నిలబడి వినేవి కావని అందరికంటే ముందు పసిగట్టి, కుర్చీ లాక్కుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నవాడు తళతళ.